బీ సైడు, రెండోది

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
నా రికార్డింగు సెంటరు, ఆరడుగుల వెడల్పు.
గిరాకీలు చీటీ మీద పాటలు రాసిచ్చేది,
నేను అరవై నిమిషాల్ల కుదించేది.
పెండ్లిండ్లకు ఒక తీరు, కల్లు దుకాణాలకు ఇంకో తీరు.
ఏ పాట ఎంతమంది అడిగిన్రో
సున్నం గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేటోణ్ణి.

నీళ్లు పరీక్షజేయ వచ్చిన జపానాయన
ఎదురు లాడ్జిల నలభై రోజులున్నడు.
మర్రిగూడ, నాంపల్లి, చండూరు,
ఏ బోరుకాడ జూసినా ఆయన సీసాలే.
సీసాకొక చీటీ, దాని మీద మన ఊరి పేరు ఆయన లిపిల.
పొయ్యేనాడు ఒక క్యాసెట్ తెచ్చి
రెండు వేళ్లు జూపిచ్చిండు.
రెండు కాపీలు జేసిన.
ఒకటి జేబుల వెట్టుకొని ఒకటి నా దిక్కు జరిపిండు,
అసలుది గూడ నాకే ఇడిసిపెట్టిండు.
అట్ట మీద గిటారు వట్టుకున్న ముసలాయన,
పత్తి ఏరొచ్చినోని తీరు తెల్లటి జుట్టు.
వాళ్ల దేశంల పెద్ద పాటగాడంట, యాభై ఏండ్ల సంది పాడుతుండంట.
లాడ్జి మేనేజరు చెప్పిండు, ఆయనకెంత తెలుసో.

పాటల పేర్లు చదవరావు. నేనే పెట్టిన.
మొదటిది చలిమంట.
తర్వాతది అలిగినామె.
దబదబ కొట్టుకుంట పోయేది వడ్లు దంచుడు.
బీ సైడు రెండోదానికి పేరు దొరకలే.
గిటారు లేదు. గొంతు సన్నం. నడుమ ఒక దగ్గు.
దగ్గి, ఆపిన కాడికెళ్లే మళ్ల ఎత్తుకుంటడు.

సీతాఫలాలమ్మే ఈదమ్మ
నడుము వంగి నేల దప్ప మనిషి మొఖం జూడలేనిది,
గంప దించి ఇనేది.
"బాయిల చేద జారింది బిడ్డా,
పాతాళగరిగె ఏసి దేవులాడుతుండు. ఇంక దొరకలే."
హమాలీ బుచ్చిరాములు కాదనేటోడు:
"కూలి పైసలు లెక్కవెడుతుండే, ఎంత లెక్కవెట్టినా ఒకటి తక్కువొస్తుంది."
డ్రైవర్ ఇస్మాయిల్ సాబ్ చాయ్ గ్లాసు పక్కకు వెట్టి
"దగ్గు ఎనుక హారన్ ఇనవడ్డదా?
అది మన డిపో బండే. రెండు కొట్టి మూడోది మింగుతది."
జపాన్ల దేవరకొండ డిపో ఏంది సాబ్!
అందరం నవ్వినం.
ఆయన నవ్వలే.

గోడ మీద దాని గీతలు
సినిమా పాటలను దాటి తలుపు చెక్క దాంక పోయినయి.
ఈదమ్మ దినాలనాడు కొడుకొచ్చి అడుక్కపోయిండు,
కాకికి వెట్టిన బువ్వ పక్కన టేప్ రికార్డరు.

మొన్న చెల్లె బిడ్డ సుప్రజ
ఫోన్ల ఆ ముసలాయనను పట్టుకుంది.
ఎక్కువమంది ఇన్న పాటలని ఒక వరుస.
చలిమంట ఉన్నది, కాని అది పట్టాల మీద కురిసే మంచంట.
అలిగినామె ఆడమనిషే కాదు, నది.
వడ్లు దంచుడు, లడాయికి పోనన్న పిలగాని పాట.
ఒక్కొక్కదానికి లక్షలు, కోట్లు.
ఏ గోడ సాలుతది, ఎంత బొగ్గు సాలుతది!
"మరి రెండోది?"
కిందికి జరిపింది, ఇంకా కిందికి.
నూట పద్నాలుగు పాటలు. లేదు.
అదే క్యాసెట్ దొరికింది, పాటలన్ని వరుసగున్నయి,
"ఈడ ఇంకో పాట ఉండాలె మామా.
దాన్ని చెరిపి ఎవలో పాడుకున్నరు."

పెన్సిల్ దూర్చి రీలు బిగించి పెట్టిన.
గొంతు. దగ్గు. దగ్గు ఎనుక
రెండు కొట్టి మూడోది మింగే హారన్.
లాడ్జి మీది గది, కిటికీ రోడ్డు దిక్కే.
నలభై రోజులు మన నీళ్లను సీసాలల్ల వట్టి
మంచియో చెడ్డయో
ఒక్క మాట మన బాసల చెప్పరానోడు.

గల్లకు తాళమేసి లేచిన.
ఇస్మాయిల్ సాబ్ మల్లేపల్లిల కొడుకు కాడుంటడు,
ఇప్పుడు సరిగ చెవులు ఇనవడవు.
టేప్ రికార్డరు సంకల వెట్టుకున్న.
శానా గట్టిగ పెట్టాలె.